494 పక్కనే 495: లైబ్రరీ కార్డుతో చైనీస్ నేర్చుకోవడం ఎలా

డ్యూయీ పద్ధతిలో, అంటే విషయానికో నంబరు వేసి, పుస్తకాలు సర్దే ఏ లైబ్రరీకైనా వెళ్ళి 494.827 నంబరు దగ్గర ఆగండి. అది తెలుగు భాష నంబరు. అక్కడ పుస్తకాలు ఉన్నా లేకపోయినా ఒకటి రెండు అడుగులు పక్కకి జరిగితే 495.1 వస్తుంది. అది చైనీస్. సాహిత్యం వైపు వెళ్ళినా అంతే: తెలుగు 894.827, చైనీస్ 895.1. భూమ్మీద ఎక్కడా ఇరుగుపొరుగు కాని ఈ రెండు భాషలూ లైబ్రరీ అరల్లో మాత్రం పక్కపక్క వాటాల్లో కాపురముంటాయి.

ఆ నంబర్లు వేసినవాళ్ళు మనల్ని దృష్టిలో పెట్టుకుని వేయలేదు. అయినా చదవడం మొదలుపెట్టాక ఆ ఇరుగు సబబే అనిపించింది నాకు. చైనీస్ పాఠ్యపుస్తకాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు వాళ్ళ కోసం రాసినవి. "ఇక్కడ జాగ్రత్త, ఇది కష్టం" అని వాళ్ళని హెచ్చరించే చోట చాలాసార్లు మనకి "ఇది మన ఇంట్లో ఉన్నదే కదా" అనిపిస్తుంది. కాబట్టి ఈ వ్యాసంలో చెప్పేది ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగు మీదుగా వెళ్ళే దారి. ఖర్చు దాదాపు సున్నా. కావలసింది ఒక లైబ్రరీ కార్డు, ఒక గళ్ళ నోటుబుక్కు, కాస్త సిగ్గు విడిచే గుణం.

ఉదాహరణకి న్యూయార్క్‌లో క్వీన్స్ పబ్లిక్ లైబ్రరీ వాళ్ళ ఫ్లషింగ్ శాఖని తీసుకుంటున్నాను. 7వ నంబరు రైలు ఆఖరి స్టేషన్లో దిగి నాలుగడుగులు వేస్తే, మెయిన్ స్ట్రీట్, కిసీనా బులవార్డ్ కలిసే మూల మీద అద్దాల భవనం కనిపిస్తుంది. 1998లో తెరిచారు. చుట్టూ చైనా బోర్డులు, కూరగాయల కొట్లు, బేకరీలు. ఆ ఊళ్ళోనే బౌన్ స్ట్రీట్‌లో గణేశుడి గుడి ఉంది, న్యూయార్క్ తెలుగువాళ్ళలో దాని క్యాంటీన్ దోశ తినని వాళ్ళు తక్కువ. ఆ గుడికి 1977లో ప్రతిష్ఠ జరిగింది. కొత్తగా వలస వచ్చినవాళ్ళ కోసం క్వీన్స్ లైబ్రరీ ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది కూడా ఆ ఏడాదే. గుడి నుంచి లైబ్రరీకి నడిచి వెళ్ళొచ్చు. మా ఇంట్లో ఆదివారం పద్ధతి అదే: దర్శనం, దోశ, లైబ్రరీ.

మొదటి పని: కార్డు

ఇది పది నిమిషాల పని. న్యూయార్క్ రాష్ట్రంలో ఉంటున్నా, పనిచేస్తున్నా, చదువుకుంటున్నా క్వీన్స్ లైబ్రరీ కార్డు ఉచితంగా ఇస్తారు. ఫోటో ఉన్న గుర్తింపు, అడ్రసు రుజువు పట్టుకెళ్ళండి. ఆలస్యంగా తిరిగిస్తే ఫైన్ పడుతుందన్న టెన్షన్ అక్కర్లేదు. న్యూయార్క్ నగరంలోని మూడు లైబ్రరీ వ్యవస్థలూ 2021 అక్టోబరులో ఆలస్య రుసుం ఎత్తేశాయి. పుస్తకం పోగొడితే మాత్రం కట్టాలి. భాష నేర్చుకునేవాళ్ళకి ఇది పెద్ద వరం. మొదటి పాఠం పుస్తకం మూడు వారాల్లో పూర్తయిన మనిషిని నేను చూడలేదు.

కార్డు చేతికొచ్చాక కౌంటర్ దగ్గర రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఈ కార్డుతో భాషలు నేర్పే ఆన్‌లైన్ కోర్సు ఏదైనా ఉచితంగా వస్తుందా? అమెరికాలో చాలా లైబ్రరీలు మాంగో లాంగ్వేజెస్ లాంటివి చందా కట్టి పెడతాయి, మనమే అడగం. రెండు, వేరే శాఖలో ఉన్న పుస్తకం ఇక్కడికి తెప్పిస్తారా? తెప్పిస్తారు.

రెండో పని: కొనే ముందు ఊరంతా తిరగడం

మొదటి రోజే పుస్తకం తీసుకుని ఇంటికి పరిగెత్తకండి. చైనా ఒక్క అరలో లేదు, భవనమంతా చెల్లాచెదురుగా ఉంది. ఒక గంట కేటాయించి ఈ నంబర్ల వెంట తిరగండి: తత్వశాస్త్రం 181.11, బౌద్ధం 294.3, తావో మతం 299.514, పండుగలు 394.26, జానపద కథలు 398.2, భాష 495.1, వంట 641.5951, చేతిరాత కళ 745.6, సాహిత్యం 895.1, చరిత్ర 951. ప్రతి చోటా ఒక పుస్తకం తీసి అయిదు నిమిషాలు తిరగేసి పక్కన పెట్టండి. ఎక్కడ అయిదు నిమిషాలు ఇరవై అయ్యాయో అదే మీ తలుపు. నాకు వంట దగ్గర అయ్యాయి. మా అబ్బాయికి 951 దగ్గర, చైనా గోడ బొమ్మలు చూస్తూ.

వ్యాకరణంతో మొదలుపెట్టినవాళ్ళు నెలకి మానేస్తారు. ఇష్టమైన తలుపులోంచి దూరినవాళ్ళు వ్యాకరణం దాకా వాళ్ళే వస్తారు.

మూడో పని: కేటలాగు వెతకడంలో మూడు చిక్కులు

ఒకటి, స్పెల్లింగు. చైనా పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. పాతది వేడ్-జైల్స్. కొత్తది పిన్యిన్, చైనా ప్రభుత్వం 1958లో ఆమోదించింది. దాన్ని తయారుచేసిన బృందంలో ముఖ్యుడు జౌ యౌగువాంగ్ 1906లో పుట్టి 2017 దాకా బతికాడు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పిన్యిన్‌కి మారింది 2000 అక్టోబరులో మాత్రమే. అందుకే పాత పుస్తకాల అట్టల మీద మావో త్సేటుంగ్, కొత్తవాటి మీద మావో జెడాంగ్. మన చరిత్ర పుస్తకాల్లోని హ్యూయెన్‌త్సాంగ్ ఇప్పుడు పిన్యిన్‌లో 'ఎక్స్' అక్షరంతో మొదలవుతాడు. పేరు దొరక్కపోతే రెండు స్పెల్లింగులతోనూ వెతకాలి.

రెండు, ఇంటిపేరు. చైనాలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. మావో అనేది ఇంటిపేరు, జెడాంగ్ అనేది పేరు. తెలుగువాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. అమెరికాలో స్థిరపడ్డ చైనా రచయితలు కొందరు పేరు తిప్పి రాసుకుంటారు, మనలో చాలామంది చేసినట్టే. అటూ ఇటూ రెండు విధాలా వెతకండి.

మూడు, లిపి. చైనాలో 1956 నుంచి సరళం చేసిన అక్షరాలు వాడుతున్నారు, సింగపూర్ కూడా తర్వాత అదే దారి పట్టింది. తైవాన్, హాంకాంగ్, మకావుల్లో పాత సంప్రదాయ అక్షరాలే. ఏదో ఒకటి ఎంచుకుని ఏడాది పాటు దానికే కట్టుబడండి. ఆడియో తీసుకునేటప్పుడు కూడా అది మాండరినా (చైనా అధికార భాష, ఈ వ్యాసంలో నేర్చుకునేది అదే), కాంటనీసా (హాంకాంగ్ వైపు మాట్లాడేది) అని చూసుకోవాలి. నేను ఒకసారి అట్ట మీద బొమ్మ చూసి తెచ్చుకున్న ఆడియోతో వారం రోజులు కుస్తీ పట్టాను. పుస్తకంలో నాలుగు స్వరాలే, అంటే గొంతు ఎత్తి దించే తీరులే, ఉన్నాయి, చెవికి ఇంకా ఎక్కువ వినిపిస్తున్నాయి. తీరా చూస్తే అది కాంటనీస్. తప్పు పూర్తిగా నాదే.

నాలుగో పని: పలకడం. ఇక్కడ తొందరపడొద్దు

మొదటి మూడు వారాలూ శబ్దాలకే ఇవ్వండి. ఇంగ్లీషులో రాసిన వివరణలు చదివి, వాటిని తెలుగులోకి మార్చుకోండి. నా నోటుబుక్కు మొదటి పేజీ ఇలా ఉంటుంది.

పిన్యిన్‌లో 'బి', 'పి' అని రాసినవి బ, ప కాదు. 'బి' అంటే మన ప. 'పి' అంటే ప పలుకుతూ గట్టిగా ఊపిరి వదలడం, అంటే ఒత్తు పలికిన ఫ. అలాగే 'డి' దాదాపు త, 'టి' ఊపిరితో థ. 'జి' అంటే క, 'కె' అంటే ఖ. ఇంగ్లీషువాళ్ళ లిపిలో ప, ఫ లాంటి ఈ తేడాకి విడి అక్షరాలు లేవు. మనకి రెండో తరగతి నుంచీ ఉన్నాయి. కాకపోతే మాటల్లో మనం ఒత్తులు మింగేస్తాం, ధనాన్ని దనం అనేస్తాం, ఫ ని ఇంగ్లీషు 'ఎఫ్' చేసేస్తాం. నోటి ముందు చిన్న కాగితం ముక్క పట్టుకోండి. 'పి' పలికితే అది ఎగరాలి, 'బి' పలికితే కదలకూడదు.

ఇంకా బాగున్నది ఇది. తెలుగులో చ ఒకటి కాదు, రెండు. 'చాప'లో చ వేరు, 'చిన్న'లో చ వేరు. నాలిక ఎక్కడ తగులుతోందో గమనించండి. పాత వ్యాకరణాల్లో మొదటిదాన్ని దంత్యమని, రెండోదాన్ని తాలవ్యమని అన్నారు. పిన్యిన్‌లో 'జెడ్' అక్షరం అంటే 'చాప'లో చ. 'జె' అక్షరం అంటే 'చిన్న'లో చ. నేను చూసిన పాఠ్యపుస్తకాల్లో ఈ రెంటికీ పేరాలకి పేరాల వివరణ ఉంది. మనకి చాప, చిన్న అంటే చాలు. వాటికే ఊపిరి జోడిస్తే 'సి', 'క్యూ' అక్షరాలు వస్తాయి. 'ఎస్‌హెచ్' మన ష, 'ఎక్స్' మన శ. శంకరానికీ షట్పదికీ తేడా చూపించలేదని చిన్నప్పుడు తెలుగు మాస్టారి చేత మొట్టికాయలు తిన్నవాళ్ళు ఆయన్ని ఇక్కడ తలుచుకుంటారు.

మనకి లేనివి రెండు మూడే. ట అంటూ ష లోకి జారే శబ్దం ఒకటి, పిన్యిన్‌లో దాన్ని 'జెడ్‌హెచ్' అని రాస్తారు. పెదవులు ఊ లా పెట్టి ఈ అనాల్సిన అచ్చు ఒకటి. వీటికి మాత్రం ఆడియో విని అనుకరించడం తప్ప దారి లేదు.

ఇక స్వరాలు. మాండరిన్‌లో నాలుగు, వాటితో పాటు తేలిగ్గా వదిలేసేది ఒకటి. మొదటిది పై షడ్జం పట్టుకుని నిలబెట్టినట్టు. రెండోది ఫోన్లో సరిగ్గా వినపడనప్పుడు "ఆఁ?" అన్నట్టు పైకి లేచేది. మూడోది గొంతు అడుక్కి దించి పలికేది. నాలుగోది పిల్లిని తరిమేటప్పుడు "పో!" అన్నట్టు కిందకి కొట్టేది. 'మా' అని మొదటి స్వరంలో అంటే అమ్మ, రెండో దాంట్లో నార, మూడో దాంట్లో గుర్రం, నాలుగో దాంట్లో తిట్టడం. మెయిన్ స్ట్రీట్ కొట్లలో ఇంకో జంట ఎక్కువ అవసరం: 'మాయ్' మూడో స్వరంలో కొనడం, నాలుగో స్వరంలో అమ్మడం. వంకాయల బుట్ట ముందు నిలబడి నేను అమ్ముతానని చెప్పి వచ్చిన రోజు నాకుంది.

ఒక హెచ్చరిక. శబ్దాల పట్టిక తెలుగులో రాసుకోండి గానీ మాటలన్నీ తెలుగు లిపిలో రాసుకునే అలవాటు చేసుకోకండి. స్వరం గుర్తులు జారిపోతాయి. నెల తర్వాత నోటుబుక్కు తెరిస్తే మీరే చదవలేరు. ఈ వ్యాసంలో కింద వచ్చే మాటలు కూడా పిన్యిన్ రాతని బట్టి తెలుగులో పెట్టినవే, పలికేటప్పుడు పై పట్టిక ప్రకారం మార్చుకోండి.

అయిదో పని: వాక్యం. ఇక్కడ మన అదృష్టం

495.1 దగ్గర ఒక మొదటి పాఠాల పుస్తకం, ఒక పలచటి వ్యాకరణం తీసుకోండి. రెండూ ఒకేసారి. పాఠంలో వాక్యం కనబడగానే ఇంగ్లీషు అనువాదాన్ని చేత్తో మూసి, తెలుగులో ఏమవుతుందో చూసుకోండి.

'వొ మాయ్ ద షూ'. వొ అంటే నేను, మాయ్ అంటే కొను, ద అనేది ముందున్న మాటని తర్వాత మాటకి తగిలించే ముక్క, షూ అంటే పుస్తకం. నేను కొన్న పుస్తకం. వరస మార్చకుండా మాట మాటకీ తెలుగు పడింది. ఇంగ్లీషులో దీన్ని తలకిందులు చేయాలి. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునే వాళ్ళు ఈ ఒక్క నిర్మాణం దగ్గర చాలా కాలం తడబడతారు, మనకి ఒక్క పూట చాలు. ప్రశ్న కూడా అంతే: 'నీ లాయ్' నువ్వు వస్తావు, 'నీ లాయ్ మా' నువ్వు వస్తావా. చివర మనం దీర్ఘం తీస్తాం, వాళ్ళు 'మా' పెడతారు.

క్రియల దగ్గర వాళ్ళది ఇంకా సుఖం. వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాం లాంటివేమీ లేవు, అందరికీ ఒకటే. కానీ కర్మ క్రియ తర్వాత వస్తుంది, అది మాత్రం ఇంగ్లీషు వరస. అన్నీ మనకే అనుకూలంగా ఉండవు కదా.

లెక్కపెట్టే మాటలంటే కొందరు భయపడతారు. మూడు పుస్తకాలు అనడానికి చైనీస్‌లో 'సాన్ బెన్ షూ' అంటారు, సంఖ్యకీ వస్తువుకీ మధ్య ఒక కొలత మాట ఉండాలి. రెండు కట్టల తోటకూర, ఒక గెల అరటిపళ్ళు, నాలుగు ఠావుల కాగితం అనే మనకి అందులో ఆశ్చర్యమేముంది? వాళ్ళు ప్రతి వస్తువుకీ అలా అంటారు, అంతే తేడా. మనుషులకి ముగ్గురు, వస్తువులకి మూడు అని విడదీసే భాషలో పెరిగినవాళ్ళకి అది అలవాటు చేసుకోవడం కష్టం కాదు.

ఇక చుట్టరికాలు. నాకు చైనీస్ మీద ప్రేమ పుట్టింది ఇక్కడే, అందుకని కాస్త ఎక్కువ చెబుతాను. 'గగ' అన్న, 'దీది' తమ్ముడు, 'జ్యెజ్యె' అక్క, 'మెయ్‌మెయ్' చెల్లెలు. ఇంగ్లీషులో రెండు మాటలతో సరిపెట్టిన చోట వాళ్ళకీ నాలుగు, మనకీ నాలుగు. నాన్నగారి అన్న 'బొబొ', తమ్ముడు 'షూషు': పెదనాన్న, బాబాయి. అమ్మ తోడబుట్టినవాడు 'జ్యౌజ్యౌ': మేనమామ. నాన్న తోడబుట్టింది 'గూగు': మేనత్త. నాయనమ్మ 'నాయ్‌నాయ్', అమ్మమ్మ 'వాయ్‌పొ'. ఇంగ్లీషు పుస్తకంలో ఇది రెండు పేజీల పట్టిక, పైన 'సంక్లిష్టమైన బంధుత్వ పదాలు' అని శీర్షిక. మన పిల్లలకి చూపించండి. అమెరికాలో పుట్టి, బాబాయినీ మామయ్యనీ కలిపి అంకుల్ అనే పిల్లలకి తెలుగు చుట్టరికాలు కూడా ఈ వంకతో వంటబడతాయి.

పెద్దవాళ్ళని 'నిన్' అనాలి, తోటివాళ్ళని 'నీ'. మీరు, నువ్వు. ఉత్తర చైనావాళ్ళు వినేవాళ్ళని కలుపుకుని చెప్పేటప్పుడు 'జాన్‌మన్' అంటారు, మామూలు బహువచనం 'వొమన్'. మనం, మేము. ఈ తేడా ఇంగ్లీషులోనూ లేదు, హిందీలోనూ లేదు.

ఆరో పని: అక్షరాలకి పిల్లల విభాగానికి వెళ్ళండి

పెద్దల విభాగంలో అక్షరాల గురించి మంచి పుస్తకాలున్నాయి గానీ మొదట పిల్లల గదికే వెళ్ళాలి. చిన్న చిన్న కుర్చీల మధ్య కూర్చోవడానికి మొహమాటపడకండి. బొమ్మల పుస్తకాల్లో అక్షరాల మీద పిన్యిన్ ఉంటుంది, పేజీకి రెండు వాక్యాలుంటాయి, బొమ్మే అర్థం చెబుతుంది. జానపద కథలు 398.2 దగ్గర రెండు భాషల్లోనూ ఉన్నవి వెతకండి.

చెట్టుకి ఒక బొమ్మ లాంటి అక్షరం ఉంది, నిలువు గీత, అడ్డ గీత, కింద రెండు వేళ్ళు. దాన్ని రెండుసార్లు పక్కపక్కన రాస్తే తోపు. మూడుసార్లు రాస్తే దట్టమైన అడవి. సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ పక్కన పెడితే వెలుగు. ఇవి చూసి అక్షరాలన్నీ బొమ్మలే అనుకుంటే మాత్రం పొరపాటు. అమ్మ అనే అక్షరంలో ఎడమ వైపు స్త్రీ, కుడి వైపు గుర్రం. అమ్మకీ గుర్రానికీ ఏం సంబంధం? ఏమీ లేదు. గుర్రం 'మా' అని పలుకుతుంది కాబట్టి శబ్దం కోసం అక్కడ నిలబెట్టారు. సగం అర్థం, సగం శబ్దం: ఎక్కువ అక్షరాలు ఇలాగే ఉంటాయి. ఈ కీలకం తెలిసిన రోజు నుంచీ తెలియని అక్షరాన్ని కూడా సగం ఊహించొచ్చు.

1716లో కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో వెలువడిన నిఘంటువులో 47 వేలకి పైగా అక్షరాలున్నాయి. బెదిరిపోకండి. వాటిని 214 మూలాల కింద సర్దారు, ఆ మూలాల్లో ఎక్కువగా వాడేవి వంద కూడా ఉండవు. చైనా ప్రభుత్వం 1988లో ఇచ్చిన వాడుక అక్షరాల పట్టికలో ఉన్నవి 3,500. మనం మొదటి ఏడాదికి 300 అనుకుందాం.

గళ్ళ నోటుబుక్కులో రోజుకి అయిదు అక్షరాలు దిద్దండి. పై నుంచి కిందకి, ఎడమ నుంచి కుడికి, చుట్టుగోడ ముందు, లోపలి సామాను తర్వాత, తలుపు ఆఖర్న మూయాలి. పలక మీద అ ఆలు దిద్దిన చేతికి ఇది మళ్ళీ బాల్యం. ఫోన్లో ప్లెకో అనే ఉచిత నిఘంటువు పెట్టుకుంటే వేలితో గీసి అర్థం చూసుకోవచ్చు. గీతల వరస సరిగ్గా నేర్చుకుంటే అలా గీసి వెతకడం తేలికవుతుంది.

ఏడో పని: పేపరు బల్ల

మూడో నెల నుంచి పేపర్లు ఉండే చోట కూర్చోవడం మొదలుపెట్టండి. అమెరికాలో వచ్చే పెద్ద చైనీస్ దినపత్రిక వరల్డ్ జర్నల్, 1976లో మొదలైంది, సంప్రదాయ అక్షరాల్లో వస్తుంది. వార్తలు చదవాలని చూడకండి, చదవలేరు. ముందు తేదీ చదవండి. సంవత్సరం, నెల, రోజు, ఆ వరసలో ఉంటుంది. నెలలకి పేర్లు లేవు, ఒకటో నెల, రెండో నెల అంటారు. తర్వాత వాతావరణం పెట్టె. ఆ తర్వాత అన్నిటికన్నా మంచి పాఠం, కూరగాయల కొట్ల ప్రకటనలు. బొమ్మ, పేరు, ధర మూడూ ఒక్క చోట. అందులో నాలుగు పేర్లు రాసుకుని బయటకి వెళ్ళి మెయిన్ స్ట్రీట్ బుట్టల మీద అవే అక్షరాలు వెతకండి. దొరికినప్పుడు వచ్చే సంతోషం ఏ యాప్‌లోనూ రాదు.

ఎనిమిదో పని: మనుషులు

సంభాషణ బృందాలు, చేతిరాత కళ తరగతులు, చాంద్రమాన కొత్త సంవత్సరం కార్యక్రమాలు లైబ్రరీ నెలవారీ పట్టికలో ఉంటాయి. అవి మారుతూ ఉంటాయి కాబట్టి నెల మొదట్లో ఒకసారి చూసుకోండి. కానీ నాకు ఎక్కువ ఉపయోగపడింది వేరే దారి. క్వీన్స్ లైబ్రరీలో ఉచిత ఇంగ్లీషు తరగతులుంటాయి, వాటికి చైనా పెద్దవాళ్ళు చాలామంది వస్తారు. వాళ్ళకి ఇంగ్లీషులో మాట్లాడే మనిషి కావాలి, మనకి చైనీస్‌లో. అరగంట వాళ్ళ భాష, అరగంట ఇంగ్లీషు. నేర్పేవాళ్ళని 'లావ్‌షి' అనాలి, మన మాస్టారు అన్నట్టు. పెద్దావిడ అయితే 'ఆయి' అనొచ్చు, పిన్నిగారు అన్నట్టే. "నీకు జీతమెంత, పిల్లలెంతమంది" అని మొదటి రోజే అడిగితే కంగారుపడకండి. మన ఊళ్ళో రైలు బోగీలో అడగరా?

తొమ్మిదో పని: సంస్కృతి, రెండు ఇళ్ళ మధ్య గోడ

సంస్కృతి పేరిట డ్రాగన్లు, ఎర్ర లాంతర్లు దగ్గర ఆగిపోకండి. తెలుగువాడికి లోపలికి వెళ్ళే దారులు వేరే ఉన్నాయి.

హ్యూయెన్‌త్సాంగ్‌తో మొదలుపెట్టండి. ఏడో శతాబ్దంలో భారతదేశమంతా తిరిగి 645లో వెనక్కి వెళ్ళి, మరుసటి ఏడాది తన యాత్రా విశేషాలు పూర్తిచేశాడు. శామ్యూల్ బీల్ ఇంగ్లీషు అనువాదం 1884లో వచ్చింది, కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో 'అన్-త-లో' అని ఒక దేశం వస్తుంది. పైకి చదవండి. ఆంధ్ర! వేంగి ప్రాంతం గురించి, ధాన్యకటకం గురించి, పాడుబడ్డ బౌద్ధారామాల గురించి రాశాడు. ఇక్కడి భాష మధ్యదేశం భాషకన్నా వేరుగా ఉందనీ, లిపి మాత్రం చాలావరకు అలాగే ఉందనీ కూడా రాశాడు. దాదాపు పద్నాలుగు వందల ఏళ్ళ కిందట మన భాషని ఒక చైనా భిక్షువు చెవి పెట్టి విన్నాడు. మనం ఇప్పుడు ఆయన భాషకి చెవి పెడుతున్నాం.

ఆయన యాత్రే తర్వాత కోతిరాజు సున్ ఊకాంగ్ కథగా పెరిగి, పదహారో శతాబ్దంలో వంద అధ్యాయాల నవల అయింది. పిల్లల విభాగంలో దాని బొమ్మల పుస్తకాలు చాలా ఉంటాయి. హనుమంతుణ్ణి ఎరిగిన పిల్లలు ఆ పుస్తకం తిరిగి ఇవ్వరు.

294.3 దగ్గర నాగార్జునుణ్ణి వెతకండి. ఆయన గ్రంథాన్ని కుమారజీవుడు అయిదో శతాబ్దం మొదట్లో చైనీస్‌లోకి తెచ్చాడు. చైనాలో ఆయన పేరు 'లుంగ్‌షు': లుంగ్ అంటే డ్రాగన్, మన నాగం. షు అంటే చెట్టు. అర్జునం అంటే మద్దిచెట్టు కదా, దాన్ని అలా అనువదించుకున్నారు.

పండుగల దగ్గర పంచాంగం పక్కన పెట్టుకుని చదవండి. వాళ్ళకీ అరవై ఏళ్ళ చక్రం ఉంది. వాళ్ళ ప్రస్తుత చక్రం 1984లో మొదలైతే మన ప్రభవ 1987లో వచ్చింది. వాళ్ళకీ అధిక మాసం ఉంది. వాళ్ళ ఎనిమిదో నెల పౌర్ణమికి చంద్రుడి పేరున మూన్‌కేకులనే తినే బిళ్ళలు పంచుకుంటారు, ఏప్రిల్ మొదటి వారంలో పెద్దల సమాధులు శుభ్రం చేసి నైవేద్యం పెడతారు. మహాలయ పక్షం తెలిసినవాళ్ళకి ఎక్కువ వివరణ అక్కర్లేదు.

తిండి దగ్గర ఒక వాక్యం ముందే కంఠస్థం చేయండి: 'వొ ఛి సూ', నేను శాకాహారం తింటాను. బౌద్ధ శాకాహార హోటళ్ళలో ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు, మడి కట్టుకునే మా అత్తయ్యగారు కూడా నిశ్చింతగా తిన్నారు. మెనూలో కాంజీ అని కనిపిస్తే అది బియ్యపు జావ. చైనీస్‌లో దాని పేరు 'జౌ', కాంజీ అనే మాట ఇంగ్లీషులోకి వెళ్ళింది తమిళం నుంచి. అంటే చైనా హోటల్లో ఇంగ్లీషు పేరుతో మన గంజే.

కార్డు ఇంకో పనికి కూడా వస్తుంది. 2018లో న్యూయార్క్ లైబ్రరీలు మూడూ కలిసి కల్చర్ పాస్ మొదలుపెట్టాయి, మ్యూజియాలకి ఉచిత ప్రవేశం రిజర్వు చేసుకోవచ్చు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ (మెట్) మ్యూజియంలో చైనాలోని సుజౌ ఊరి తోట నమూనాలో కట్టిన ఆస్టర్ కోర్ట్ ఉంది. అక్కడికి వెళ్ళే ముందు లైబ్రరీలో చైనా తోటల పుస్తకం ఒకటి తిరగేయండి, లేకపోతే రాళ్ళు, నీళ్ళు చూసి వచ్చేస్తారు.

ఎంత కాలం పడుతుంది

అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకి భాషలు నేర్పే సంస్థ లెక్కలో మాండరిన్‌కి 2,200 తరగతి గంటలు కావాలి. అదే లెక్కలో తెలుగుకి 1,100. ఈ అంకెలు ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ కోసం వేసినవి. రోజుకి గంట చొప్పున వేసుకున్నా మాండరిన్‌కి ఆరేళ్ళు. మీకు అంత అక్కర్లేకపోవచ్చు. ఏడాదిలో బోర్డులు చదవడం, బేరం ఆడటం, పిల్లల పుస్తకం నిఘంటువుతో పూర్తిచేయడం వస్తే చాలనుకోండి. పరీక్ష రాయాలనుకునేవాళ్ళు హెచ్‌ఎస్‌కే (చైనావాళ్ళు విదేశీయులకి పెట్టే చైనీస్ భాషా పరీక్ష) పుస్తకాలు 495.1 దగ్గరే చూడొచ్చు, కానీ 2021లో ఆ పరీక్షకి కొత్త స్థాయిల ప్రమాణాలు వచ్చాయి కాబట్టి అట్ట మీద సంవత్సరం చూసి తీసుకోండి. చైనాలో ఎంబీబీఎస్‌కి వెళ్ళే మన పిల్లలకి ఈ మాట మరీ ముఖ్యం.

న్యూయార్క్‌లో లేనివాళ్ళకి

సింగపూర్‌లో ఉంటే మీది మాకన్నా మంచి అదృష్టం, అక్కడి లైబ్రరీల్లో ఇంగ్లీషు, చైనీస్, మలయ్, తమిళం నాలుగు భాషల పుస్తకాలూ ఉంటాయి. అమెరికాలో ఎక్కడున్నా మీ లైబ్రరీలో 'ఇంటర్‌లైబ్రరీ లోన్' అని అడిగితే వేరే ఊరి పుస్తకం తెప్పిస్తారు. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంతో మొదలుపెట్టి, దగ్గర్లోని విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో కూడా అడగండి. కొన్ని చోట్ల డ్యూయీ బదులు రంగనాథన్ గారి కోలన్ పద్ధతి ఉంటుంది, అప్పుడు నంబరు కాకుండా విషయం చెప్పాలి. మన దేశంలో చైనా చదువులకి పాత చిరునామా శాంతినికేతన్‌లోని చీనా భవన్, 1937లో మొదలైంది. అటు వెళ్ళే పని పడితే చూడకుండా రావొద్దు.

వచ్చే ఆదివారం క్యాంటీన్లో దోశ తిన్నాక, చేతులు శుభ్రంగా కడుక్కుని బయల్దేరండి. పుస్తకాలకి నెయ్యి అంటితే వాళ్ళు ఊరుకోరు.